మెట్ల మొక్కు

ఎర్రన్న పోయిన మూడో రోజున డాక్టర్ సుభాషిణి తన గురువు వరాహమూర్తి గారి గదికి వెళ్లి, తప్పెక్కడ జరిగిందో చెప్పమని అడిగింది.

ఎర్రన్న చేపల రేవులో ఐసు దిమ్మలు మోసేవాడు. ఫిట్స్ మాత్రలు పడక, ఒళ్లంతా దద్దుర్లతో, జ్వరంతో ఆసుపత్రిలో చేరాడు. మాత్రలే కారణమని అందరికంటే ముందు పట్టింది సుభాషిణే. వాటిని ఆపించింది, దద్దుర్లు తగ్గాయి. వార్డంతా మెచ్చుకుంటే కాస్త పొంగిపోయింది కూడా. ఇంటికి పంపిన నెల లోపే గుండె వాచి, ఊపిరాడక మళ్లీ వచ్చాడు. ఈసారి ఎవరూ ఏమీ చేయలేకపోయారు. మందు పడనివాళ్లలో ఎక్కడో ఒకరికి, చర్మం బాగుపడ్డాక కూడా అది గుండెను పట్టుకుంటుంది. ఆ సంగతి ఆమె పుస్తకంలో చదివిందే.

"పంపిన రోజు అతనేమన్నాడమ్మా?" అని అడిగారాయన.

సుభాషిణి తల దించుకుంది. "బాత్రూం దాకా నడిస్తే ఆయాసమొస్తందమ్మా అన్నాడు సార్. ఇన్నాళ్లు మంచాన పడ్డావు కదా, నీరసంలే అన్నాను."

ఐసు దిమ్మలు మోసే మనిషికి నాలుగడుగులకే ఆయాసం. తన నోటితో చెబుతుంటే ఇప్పుడామెకు ఏడుపొచ్చింది.

గురువుగారు కుర్చీలోంచి లేచారు. చేతికర్ర తీసుకుని వార్డులోకి నడిచారు. మందు పడక దద్దుర్లొచ్చి తగ్గిన పెద్దామె ఒకరు ఆ రోజు ఇంటికి వెళ్లాలి. ఆమెను వెంటబెట్టుకుని మెట్లెక్కసాగారు.

ఇంటికి పంపేముందు ఇలాంటి రోగులను రెండో అంతస్తు దాకా నడిపించడం ఆయన అలవాటు. లిఫ్టు ఉండగా ఈ చాదస్తమేమిటని జూనియర్లు నవ్వుకునేవాళ్లు. దానికి మెట్ల మొక్కు అని పేరు పెట్టింది సుభాషిణే. ఎర్రన్నను ఇంటికి పంపిన రోజున ఆయన సెలవులో ఉన్నారు.

ఈసారి సుభాషిణి వాళ్ల వెనకే ఎక్కింది. ఆయన ఒక్కో మెట్టుకూ ఏదో ఒకటి అడుగుతున్నారు. పెద్దామె ఎక్కడ మాట ఆపి ఊపిరి తీసుకుంటుందోనని చెవి అటే ఉంచారు. ఆమె పై మెట్టు దాకా మనవరాలి సంగతులు చెబుతూనే ఉంది.

"ఇక ఇంటికెళ్లు తల్లీ" అన్నారు గురువుగారు. రెయిలింగు పట్టుకుని ఆయాసపడుతున్నది ఆయనే.

పెద్దామె దిగి వెళ్లాక సుభాషిణి మెల్లగా అడిగింది. "ఇది మీకెవరు నేర్పారు సార్?"

"సోమినాయుడని ఒక పోస్ట్‌మ్యాన్" అన్నారాయన. "ముప్పై ఏళ్లయింది. నేనూ నీరసమనే అన్నాను."