పొగ ఎందుకు ఏడిపిస్తుంది

ఒకప్పుడు పొగకి ఘాటు లేదు, వాసన లేదు. కళ్ళు మండించేది కాదు, గొంతు గీకేది కాదు. నెగడులోంచి లేచి, మొహమాటపు చుట్టంలా గోడవారన మెత్తగా కూర్చునేది. ఇంట్లో అది ఉందో లేదో కూడా ఎవరూ పట్టించుకునేవారు కాదు. ఇప్పుడు మీరు పొయ్యి ముందు ముక్కు మూసుకుని "అబ్బా!" అంటారు చూడండి, ఆ రోజుల్లో పిల్లలకి ఆ బాధే తెలియదు.

ఎంత మంచి కాలమో అనుకుంటున్నారు కదూ? కాదు. వినండి.

ఎత్తైన కొండల మీద ఒక చిన్న ఊరు. చలికాలం వస్తే అక్కడ గడ్డి మీద మంచు తెల్లగా గడ్డకట్టేది. అందుకే ప్రతి ఇంట్లో గది నడుమ గుంట తవ్వి, అందులో నెగడు వేసుకుని, దాని చుట్టూ పడుకునేవారు.

ఆ ఊళ్ళో బుద్రి ఉండేది. బుధవారం పుట్టింది కనుక బుద్రి. మొగుడు సోమ్రా, కొడుకు మంగ్లా, పాలు తాగే పిల్ల సుక్రి. వారాలన్నీ వీళ్ళింట్లోనే కాపురం పెట్టాయని ఊరంతా ఆటపట్టించేది.

గోడ మెత్తడంలో బుద్రిని మించినవాళ్ళు లేరు. ఎర్రమట్టీ పేడా కలిపి, కాళ్ళతో తొక్కి, చేత్తో నున్నగా పామేది. కప్పుకీ గోడకీ మధ్య సందు కూడా వదిలేది కాదు. "గాలైనా సరే, నన్నడిగే నా ఇంట్లోకి రావాల" అనేది గొప్పగా. ఆమెని చూసి మిగతా ఆడవాళ్ళూ అలాగే మెత్తడం నేర్చుకున్నారు.

కట్టెల విషయంలోనూ ఆమెది ఒకటే మాట. ఎండుకట్టె చిటపటమని కాలి అయిపోతుంది, మాటిమాటికీ లేచి ఎగదోయాలి. పచ్చి మద్దిచెట్టు నరికి మొద్దు తెచ్చి పడేస్తే తెల్లారేదాకా రగులుతూనే ఉంటుంది. ఎంత బరువుంటే అంత మంచి కట్టె అని ఆమె నమ్మకం. నరికిన రోజే తెచ్చి నెగడులో పెట్టేది.

ఒక ఏడు చలి మరీ ముదిరింది. అప్పుడే కొండ అవతల ఊళ్ళో చెల్లెలికి నొప్పులొస్తున్నాయని కబురొచ్చింది. బుద్రి సుక్రిని వీపుకి కట్టుకుని బయల్దేరింది. వెళ్ళేముందు బరువైన పచ్చి మొద్దు ఒకటి చూసి మరీ నెగడులో పెట్టింది.

"తలుపు కింద గడ్డి కుక్కు. సలి నోపలికి రానీకు. మంగ్లాగాడికి పడిసెం పట్టేస్తాది" అంది మొగుడితో.

అదే వాళ్ళతో ఆమె అన్న ఆఖరి మాట.

మర్నాడు ఎండ పొడుస్తుండగా తిరిగొచ్చింది. తలుపు తోస్తే గడ్డి అడ్డుపడి ఓ పట్టాన తెరుచుకోలేదు. లోపల తండ్రీ కొడుకూ నెగడు పక్కన ఒకరినొకరు పట్టుకుని పడుకుని ఉన్నారు. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. బాగా వెచ్చగా పడుకున్నారు, పోనీలే అనుకుంది. "లెగండి, ఎండెక్కింది" అంది. మళ్ళీ అంది. భుజం పట్టుకుని ఊపింది. వాళ్ళు లేవలేదు.

ఊరంతా వచ్చి చూసింది. పాము కాటు లేదు, గాయం లేదు, ఒంటి మీద గీతయినా లేదు. సోమ్రాకి అన్నయ్య అయిన గాసి తల పట్టుకుని కూర్చున్నాడు.

"ఏదో వచ్చి ఊపిరి పట్టుకుపోయింది. ఇకమీదట ఆ ఇంట్లో నెగడు ఎయ్యకు బుద్రీ" అన్నాడు.

ఇద్దరినీ మట్టిలో పెట్టారు. చలి మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు కదా. సుక్రి పాదాలు నీలంగా మారాయి. పాలు కూడా సరిగ్గా తాగడం లేదు. నెగడు వెయ్యకపోతే చలి పిల్లని తీసుకుపోతుంది. వేస్తే, ఆ ఇద్దరినీ తీసుకుపోయిందేదో మళ్ళీ వస్తుంది. ఏం చెయ్యాలి?

చివరికి గాసి ఇంట్లోంచి నిప్పు తెచ్చి, తలుపు బార్లా తెరిచి, సగం కాలి మిగిలిన ఆ మద్దిమొద్దునే మళ్ళీ రాజేసింది. మంట లేవగానే అడిగింది.

"నిజం సెప్పు. నా మొగుడ్నీ నా కొడుకునీ నువ్వే తినేసినావా?"

"నేను తింటే బూడిద మిగులుతుంది. వాళ్ళ ఒంటి మీద ఒక్క కాలిన మచ్చ ఉందా? నేను గుంట దాటలేదు. కట్టెని అడుగు" అంది నిప్పు.

కట్టె కొసన నీళ్ళు నురగలా పొంగుతున్నాయి. "నన్నేమంటావు? ఒంట్లో నీళ్ళుండగానే నరికావు, ఆ రోజే మంటలో పెట్టావు. మండలేక మండలేక సగం పొగనైపోయాను. ఒక్క ఎండాకాలం నన్ను ఎండలో ఉంచితే ఏం పోయేది? ఎండిన కట్టెకి కొసల్లో పగుళ్ళొస్తాయి, బెరడు దానంతటదే ఊడుతుంది. రెండు కట్టెలు కొట్టి చూస్తే టంగుమంటాయి. ఏదీ, నన్ను కొట్టు" అంది.

బుద్రి ఒక పుల్ల తీసి కొట్టింది. దబ్బుమంది.

"విన్నావుగా. మిగతాది పొగని అడుగు."

పొగ కప్పు మూల నక్కి కూర్చుంది. దాని గొంతు మరీ చిన్నది. బుద్రి నిచ్చెన వేసుకుని ఎక్కి, చెవి ఆనించి అడగాల్సి వచ్చింది.

"ఎందుకు సంపినావు?"

"చంపాలని కాదమ్మా. నాకు బయటికి పోవాలి. పైకి పోవడం తప్ప నాకు ఇంకో పని తెలియదు. ఆ రోజు కప్పు దగ్గరికి పోయాను, మెత్తేసి ఉంది. గోడల చుట్టూ తిరిగాను, మెత్తేసి ఉంది. తలుపు కిందికి పాకాను, గడ్డి కుక్కి ఉంది. ఆ మొద్దు ఇంకా ఇంకా పొగ కక్కుతూ నన్ను తోస్తూనే ఉంది. లేవండి, తలుపు తియ్యండి అని అరిచాను. నా అరుపు నిద్రలో ఉన్నవాళ్ళకి ఏం వినపడుతుంది? ఆ ఇంట్లో తెరిచి ఉన్న దారి నాకు ఒక్కటే దొరికింది."

"ఏటా దారి?"

"వాళ్ళ ముక్కులు."

బుద్రి నిచ్చెన మీంచి తల తిప్పి చూసింది. ఎదురుగా గోడ నున్నగా మెరుస్తోంది. దాని నిండా ఆమె వేళ్ళ గుర్తులే. అవి చూడలేకపోయింది. కిందికి దిగి, గునపం తీసుకుని, అంత ముచ్చటపడి మెత్తుకున్న గోడని కప్పు కింద పొడిచింది. చెయ్యి పట్టేంత కన్నం పడింది. ఇంకా పొడిచింది. తల పట్టేంత పడింది. పొగ బయటికి పోయింది.

పోతున్న పొగని ఆపి అడిగింది. "రేపు ఈ కన్నం మూసుకుపోతే? గాలి నిన్ను ఎనక్కి తోసేస్తే? అప్పుడు నా సుక్రి ముక్కులోకి ఎల్తావా?"

"ఇంకెక్కడికి పోను? నాకు గోళ్ళుంటే రక్కి లేపేదాన్ని" అంది పొగ.

బుద్రి కళ్ళు ఏడ్చి ఏడ్చి పుండ్లలా మండుతున్నాయి. గొంతు గీరుకుపోయి ఉంది.

"గోళ్ళు నాకూ నేవు. నా కళ్ళ మంట ఉంది, తీసుకో. గొంతులో గరగర ఉంది, అదీ తీసుకో. ఎవులింట్లోనైనా దారి దొరక్కపోతే ముందు ఆళ్ళ కళ్ళల్లోకి ఎల్లు. ఏడిపించు. దగ్గించు. సచ్చినాక ఏడిసే ఏడుపు ముందే ఏడవనీ."

పొగ ఆమె మొహం చుట్టూ ఒకసారి తిరిగింది. ఆ మంటంతా, గరగరంతా తీసుకుంది.

బుద్రి గుంటలో ఎర్రగా మెరుస్తున్న నిప్పుకణికల వైపు కూడా తిరిగింది. "మీకూ ఊపిరి ఉంది కదా, అదీ మనిషి ముక్కులోకే ఎల్తాది. మీరూ తీసుకోండి" అంది.

"మాకెందుకు? మాకు పొగ లేదు, మసి లేదు, ఎంత శుభ్రంగా ఉన్నామో చూడు. మా ఊపిరి ఎవరికీ కనపడదు, ఎవరికీ తెలియదు. ఆ ఘాటు మాకొద్దు" అన్నాయి నిప్పుకణికలు.

బతిమాలింది. అవి బూడిద మీదికి లాక్కుని కప్పుకున్నాయి.

ఆ సాయంత్రం బుద్రి అడవిలో రాలిపడి ఎండిన కొమ్మలు ఏరుకొచ్చింది. ఒక్కొక్కటీ కొట్టి, టంగుమన్నవే ఉంచుకుంది. నెగడు వేస్తే మంట నిలువుగా లేచింది. సుక్రి పాదాలకి రంగు తిరిగింది. ఇంతలో ఎదురుగాలి కొట్టి పొగ కన్నంలోంచి వెనక్కి వచ్చింది. సుక్రి కళ్ళు నులుముకుంది, దగ్గింది, కెవ్వుమని ఏడుపు అందుకుంది. బుద్రి పిల్లని ఎత్తుకుని వాకిట్లోకి పరిగెత్తింది.

పిల్ల గుక్కపెట్టి ఏడుస్తూనే ఉంది. బుద్రి ఊరుకోబెట్టలేదు. గుండెకి హత్తుకుని ఆ ఏడుపు వింటూ కూర్చుంది. ఆ రోజు మంగ్లా కూడా ఇలా ఒక్కసారి ఏడ్చి ఉంటే!

గాసి కళ్ళు తుడుచుకుంటూ వచ్చాడు. వెనకాల ఊరంతా దగ్గుతూ వచ్చింది.

"ఏటి సేసినావే బుద్రీ? పొగకి ఏ మందెట్టినావు? అందరికీ కళ్ళు మండిపోతన్నాయి!"

"ఏడు బావా, ఏడు. ఏడిసినోడు బతికున్నట్టే" అంది బుద్రి.

గాసి ఆమె ఇంటి గోడ వైపు చూశాడు. ఊరంతా మెచ్చుకున్న ఆ గోడకి పెద్ద కన్నం. సంగతి అడిగి విన్నాడు. విన్నాక తిట్టలేదు, తల వంచుకుని తన ఇంటికి గునపం వెతుక్కుంటూ వెళ్ళాడు.

అప్పటినుంచే పొగ మన కళ్ళు మండిస్తోంది, గొంతు గీకుతోంది, తలుపు తియ్యమని వెంటపడి ఏడిపిస్తోంది. పచ్చికట్టె పెడితే మరీను. నిప్పుకణికలు మాత్రం ఆ రోజు బుద్రి మాట వినలేదు. అందుకే ఈనాటికీ మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే కళ్ళు మండవు, దగ్గు రాదు, ఎవరూ వచ్చి లేపరు.