తూటాకీ తూటాకీ మధ్య

తూటాకీ తూటాకీ మధ్య పట్టే ఆ కాస్త ఆలస్యాన్ని ఎలా తగ్గించాలన్నదే కానిస్టేబుల్ హేమావతి బాధ.

పిస్టల్ తూటాలు వేసే కొత్త కార్బైన్ అది. ఒకటి పేల్చాక, గొట్టం కింది పిడిని వెనక్కి లాగి ముందుకు తోస్తేనే ఖాళీ తొడుగు బయటపడి ఇంకో తూటా ఎక్కుతుంది. బరువుండదు, భుజాన్ని తన్నదు. అందుకే మగవాళ్లు దానికి వంటింటి తుపాకి అని పేరు పెట్టి, ఆడవాళ్లకి వదిలేశారు.

మర్నాడు క్వారీ దగ్గర బందోబస్తు. దుమ్ముకి పిల్లలు రక్తం కక్కుతున్నారని, అక్కడి ఆడవాళ్లు లారీలకి అడ్డంగా కూర్చున్నారు. హేమావతి ముందు వరసలో నిలబడాలి. చెయ్యి తడబడితే తోటి మగ కానిస్టేబుళ్లు జన్మంతా నవ్వుతారని ఆమె భయం.

ముసురు పట్టింది. ఫైరింగ్ రేంజిలో, మనిషి ఆకారం గీసిన అట్ట మీద గబగబా పేల్చింది. చిల్లులన్నీ గుండె దగ్గరే పడ్డాయి.

"ఎలా ఉంది?" అడిగింది భద్రమ్మ. ఫైరింగ్ నేర్పే మనిషి ఆమె. మాట తక్కువ.

"బొమ్మలా ఉంది మేడమ్. పేల్చినట్టే లేదు. ఆ పిడి లాగే పని కూడా లేకపోతే ఇంకా బాగుండేది."

చిల్లులకి కాగితాలు అతికించడం రేంజిలో అందరూ చివర్లో చేసే పని. భద్రమ్మ మైదా జిగురు డబ్బా తెచ్చి అప్పుడే ఆమె చేతికిచ్చింది. ముందు ఇవి మూసిరమ్మంది. ఆ తర్వాత ఒక్కటి పేల్చి, తుపాకి చాప మీద పెట్టి, వెళ్లి ఆ చిల్లు మూసి, వచ్చి ఇంకోటి పేల్చమంది.

షెడ్డు కింద మగవాళ్లు నవ్వారు. "మేడమ్ పిండివంటలు నేర్పిస్తోందిరా."

హేమావతి మొదట పరుగెత్తింది. తర్వాత నడిచింది. తడికి కాగితం జారిపోతోంది. అంటుకునేదాకా బొటనవేలితో అదిమి పట్టుకోవాల్సి వచ్చింది, గుండె మీదే. ఒకటి మూసి వస్తే, మళ్లీ అక్కడే ఇంకోటి.

షెడ్డు కింద నవ్వులు ఆగిపోయాయి. వాళ్లకి విసుగొచ్చింది.

చీకటి పడబోతుండగా ఒకటి పేల్చి, పిడి మీద చెయ్యి వేసి అలాగే నిలబడిపోయింది. లాగలేదు.

"ఇరుక్కుందా?"

"లేదు మేడమ్."

భద్రమ్మ డబ్బాకి మూత పెట్టింది.

"రేపు క్వారీకి జిగురు తీసుకెళ్లనివ్వరు."