మేడమీది గది తాళంచెవి

ఎవరేం అడిగినా పైడయ్య గురువుగారు జవాబు చెప్పరు, పని చెప్తారు. అనకాపల్లిలో సాయంత్రం పూట ఆయన అరుగు మీద అచలబోధ అనే వేదాంతం వినడానికి కూర్చునే పాతికమందికీ ఈ సంగతి తెలుసు. అందుకే తెలివైనవాళ్ళు అడగడం మానేశారు. బస్సు డ్రైవరు సూరిబాబుకి మాత్రం అడక్క తప్పలేదు. డ్యూటీ ఎక్కేముందు తాగారో లేదో చూడ్డానికి డిపోలో ఊదించే గొట్టం అతన్ని రెండుసార్లు పట్టిచ్చింది. మూడోసారి దొరికితే ఉద్యోగం ఊడుతుంది. భార్య నూకరత్నం అయితే మూడోసారి దాకా తను ఆగనని ముందే చెప్పేసింది.

"మీ కాళ్ళట్టుకుని ఎన్నిమార్లు ఒట్టేసినానో నాకే గురుతు లేదు గురువుగారూ. మీ మాటకే మానలేనోణ్ణి. ఆస్పత్రి డాక్టరుగారు తాగుబోతుల మీటింగుకెళ్ళమని చీటీ రాసిచ్చినారు. గుడ్డోడికి గుడ్డోడు దారి సూపుతాడా?" అన్నాడు సూరిబాబు.

"అదెక్కడుందో చూసి రా," అన్నారు గురువుగారు.

చీటీలో వీధి పేరూ, ట్యూషన్ గది అనీ ఉంది గాని ఇంటి నంబరు లేదు. సూరిబాబు ఆ వీధిలో మూడుసార్లు అటూ ఇటూ తిరిగాడు. తాగడానికి దుకాణం ఎక్కడని ఏ ఊళ్ళోనైనా దర్జాగా అడిగిన నోరు, మానడానికి చోటెక్కడని అడగబోతే పెగల్లేదు. చివరికి ఒక టీకొట్టు దగ్గర ఆగి, "ఇక్కడ ట్యూషన్ చెప్పే గది..." అని నసిగాడు. "తాగుడు మానినోళ్ళ మీటింగేనా? మా మేడమీదే. ఎల్లెల్లు, మొదలెట్టీసినారు!" అని కొట్టువాడు వీధంతా వినబడేలా అరిచాడు. పరువు కాస్తా అక్కడే పోయింది గనక ఇంక మెట్లెక్కడానికి అడ్డేమీ లేకపోయింది.

పైన పిల్లల బెంచీల మీద పన్నెండుమంది కూర్చుని ఉన్నారు. పీఠం లేదు, పటం లేదు, బోధించేవాడు అసలే లేడు. ఒక్కొక్కరే లేచి పేరు చెప్పి, "నేను తాగుబోతుని" అంటున్నారు. సూరిబాబు కొడుక్కి లెక్కలు నేర్పిన అన్నపూర్ణ టీచరు కూడా లేచి, తాగుడు మాని తొమ్మిదేళ్ళయిందంటూనే ఆ మాటా అంది.

అందరిదీ అయ్యాక రిటైరైన కాంపౌండరు విశ్వనాథంగారు, "ఆఖరున తాగిందెవరు?" అని అడిగారు. "మొన్న," అన్నాడు ఒకతను. "ఈవేళ పొద్దున్న," అని సూరిబాబు నోరు జారి, తిట్లకి సిద్ధపడి తల దించుకున్నాడు. విశ్వనాథంగారు వచ్చి ఆ గది తాళంచెవి అతని అరచేతిలో పెట్టారు.

"ఆఖరున తాగినవాళ్ళ దగ్గరే ఇది ఉండాలి. ఇక్కడి పద్ధతి. ఆదివారం సాయంత్రం ఆరింటికి వచ్చి తలుపు తియ్యి. ఇంకో చెవి లేదు."

సొంత ఇంటి బీరువా తాళాన్ని నూకరత్నం సూరిబాబుకి అందకుండా పుట్టింట్లో దాచింది. డిపోలో బస్సు తాళం గొట్టం ఊదితే గాని ఇవ్వరు. ఒక్క పూట పరిచయానికే చెవి అప్పగించిన వీళ్ళకి మతి పోయిందనుకున్నాడు.

ఆదివారం నాలుగింటికే తాగేశాడు. కావాలనే తాగాడు, తనలాంటివాణ్ణి నమ్మినందుకు వాళ్ళకి బుద్ధి రావాలని. ఏడు దాటాక, ఈపాటికి తిట్టుకుంటూ ఇళ్ళకి పోయి ఉంటారు, చెవి టీకొట్టులో పడేసి వద్దామని వానలో బయల్దేరాడు.

పై మెట్టు నుంచి కింది మెట్టు దాకా పన్నెండుమందీ కూర్చుని ఉన్నారు. తడుస్తూనే మీటింగు జరుపుకుంటున్నారు. అతన్ని చూసి ఒక్కరూ పల్లెత్తు మాట అనలేదు. డిపో మేనేజరు ముందు నిలబడ్డప్పుడు కూడా పుట్టని భయం సూరిబాబుకి అప్పుడు పుట్టింది.

"తాళం బద్దలు కొట్టీలేకపోనారా?" అన్నాడు.

అన్నపూర్ణ టీచరు చీర కొంగు పిండుకుని పక్కకి జరిగి దారిచ్చింది. "ఎందుకూ? నువ్వొస్తావు కదా అని కూచున్నాం," అంది.

తాగిన మత్తులో కన్నం దొరక్క తాళం తీయడానికి చాలాసేపు పట్టింది. సాయానికి ఎవరూ చెయ్యి చాపలేదు, తొందరా పెట్టలేదు. ఆఖరున తాగింది మళ్ళీ అతనే గనక, ఇళ్ళకి వెళ్ళేముందు ఆ చెవి మళ్ళీ అతని చేతికే వచ్చింది.

మర్నాడు సూరిబాబు పొద్దుటి నుంచీ చుక్క ముట్టకుండా వచ్చి, అందరి ఎదటా గురువుగారి కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. "మూడేళ్ళు మీ కాడ కూచున్నాను. ఒక్కనాడూ నాకింత సిగ్గెయ్యలేదు. మీ దగ్గర లేంది ఆ తడిసినోళ్ళ దగ్గర ఏటుంది గురువుగారూ?"

అరుగు మీద అందరూ బిక్కచచ్చిపోయారు. గురువుగారిని అంత మాట అడిగినవాడు అంతవరకూ లేడు. ఈసారి ఆయన ఏ పనీ చెప్పలేదు.

"నువ్వు రాని రోజున నా పాఠం ఎప్పుడైనా ఆగిందా, సూరిబాబూ?" అన్నారు.