గినీకోడి ఒంటిమీద వేలిముద్రలు

ఒకప్పుడు గినీకోడి నల్లగా నిగనిగలాడేది. ఒంటిమీద ఒక్క చుక్క ఉంటే ఒట్టు!

అప్పుడప్పుడే ఆఫ్రికాలోని బస్సారీ కొండల్లోకి అక్షరాలు వచ్చాయి. బస్సారీ మాట తాతలనాటిదే కానీ, దానికి రాత మాత్రం నిన్నగాక మొన్న దొరికింది. త్యారా అనే మొండి ముసలాయన పట్టుబట్టి ఆ రాత నేర్చుకున్నాడు.

ఒకరోజు మబ్బు పట్టింది. త్యారా గుడిసెకు పైకప్పు లేదు. వాన పడిందా, ఏడాది జొన్నలన్నీ నానిపోతాయి. గడ్డి కప్పడం ఒక్కడివల్ల అయ్యే పని కాదు. తమ్ముడు తామా ఏమో అవతలి కొండమీద ఉన్నాడు.

"ఒక్క కేక వెయ్యరాదా తాతా?" అంది గినీకోడి.

"గొంతు చించుకోవడానికా నేను అక్షరాలు దిద్దింది?" అని కసిరి, ముసలాయన బెరడు ముక్కమీద తెల్లసుద్దతో రాశాడు: 'తామా, వెంటనే రా. కప్పు వెయ్యాలి. తేనె పెడతాను.'

దాన్ని కోడి మెడకు కట్టాడు. "ముట్టినట్టు సంతకం పెట్టించుకురా. లేకపోతే నమ్మను!"

తొందరలో ఒక్క సంగతి మరిచాడు. బస్సారీలకు పుట్టిన వరసను బట్టే పేర్లు. పెద్దకొడుకు త్యారా, రెండోవాడు తామా. ఏ ఇంట్లో చూసినా రెండోవాడు తామాయే!

అవతలి కొండెక్కి "తామాకి ఉత్తరం!" అని కోడి అరవగానే నలభైమంది తామాలు ఉరికొచ్చారు. చదువొచ్చిన ఓ అమ్మాయి చదివి వినిపించింది. 'తేనె' అన్న మాట చెవిన పడేసరికి అందరూ "నాకే! నాకే!" అన్నారు.

"సరే, సంతకాలు పెట్టండి," అంది కోడి.

"మాకు రాయడం రాదే!"

"పోనీ, వేలిముద్ర వెయ్యండి."

"బెరడుమీద చోటేదీ? ఇంత వీపుంది కదా నీకు!"

అక్కడి తెల్లసుద్ద తడిపి, అందులో వేళ్లు ముంచి వీపుమీద, రెక్కలమీద, తోకమీద చుక్కలే చుక్కలు. "అబ్బా, చక్కిలిగిలి! ఇక చోటు లేదురా నాయనా!" అని కోడి మెలికలు తిరిగిపోయింది.

కోడి వెంట వచ్చిన గుంపును చూసి త్యారా నెత్తి కొట్టుకున్నాడు. "నేను పిలిచింది మా తమ్ముణ్ణి!"

"మేమంతా తమ్ముళ్లమేగా అన్నా!" అంటూ నలభైమందీ కప్పు వెయ్యడానికి ఎగబడ్డారు. ఆఖరి గడ్డిమోపు కట్టారో లేదో, వాన దబదబా దంచింది. ఒక్క జొన్నగింజ తడవలేదు. తేనెకుండ మాత్రం ఖాళీ.

అప్పుడు ఆవలిస్తూ వచ్చాడు అసలు తమ్ముడు. "అన్నా, తేనేదీ?"

కోడి కడుక్కోవడానికి వానలోకి పరిగెత్తబోయింది. ముసలాయన తోక పట్టుకుని ఆపాడు. "చెరిపావంటే ఊరుకోను! నా మొదటి ఉత్తరం ముట్టిందనడానికి అదే రుజువు!"

వాన వెలిసేసరికి సుద్ద ఈకల్లో ఇంకిపోయింది.

అప్పటినుంచే గినీకోడి ఒంటినిండా తెల్లచుక్కలు. ఎవరైనా వేలు చాపి దగ్గరికెళ్తే చాలు, "చోటు లేదు! చోటు లేదు!" అని అరుస్తూ ఇప్పటికీ పరుగే పరుగు.