కాగితానికెక్కని కాలవ

ఏడు సముద్రాలకి అవతల, మన తాతల తాతలు ఇంకా పుట్టనప్పుడు, స్పెయిన్ అని ఒక దేశం ఉండేది. అదెటువైపో అడక్కండి. కథ చెప్పేవాడు పొరుగూరి సంతకెళ్ళి దారి తప్పినవాడు.

ఆ దేశపు రాజు పిల్లల్లేకుండా పోయాడు. సింహాసనం కోసం రెండు వంశాలు కొట్టుకున్నాయి. ఈ కథలో గాస్పార్ అనేవాడి ఊరు వెతికి వెతికి ఒక వంశం పక్షాన నిలబడింది. అదే ఓడిపోయింది.

గెలిచిన కొత్త రాజు చాటింపు వేయించాడు. "ఇక దేశమంతటికీ ఒకే రాజు, ఒకే చట్టం. ఊళ్ళ కట్టుబాట్లన్నీ రద్దు!"

గాస్పార్ ఆ ఊరి నీరటి. వంతు ప్రకారం కాలవ నీళ్ళు పొలాలకి వదలడం అతని పని. చదువు లేదు. చెప్పులూ లేవు.

రాజుగారి అధికారి బండి కట్టుకుని దిగాడు. మొదటిరోజు ఊరిపెద్దల కట్టుబాటు కాగితాలు తెప్పించి రద్దు ముద్ర కొట్టాడు. రెండోరోజు నేతగాళ్ళ కాగితాలు తెప్పించి రద్దు ముద్ర కొట్టాడు. మూడోరోజు కాలవ దగ్గరికొచ్చాడు.

కాలవ చివర, శివారు పొలం రీతక్క పరిగెత్తుకొచ్చింది. నీళ్ళు తగ్గిన ఏడు శివారుకే ముందు తడి అని ఊరి కట్టుబాటు. అది పోతే ఎగువ పొలాలు తాగగా శివారుకి మిగిలేది బురదే.

"తమ్ముడూ, మా చిక్కుళ్ళు మాడిపోతాయిరా!" అంది గాస్పార్‌తో.

"నీ కాగితమేదీ?" అని అధికారి గాస్పార్‌ని అడిగాడు.

"లేదు దొరగారూ. మాదంతా నోటిమాటే."

"మరి ముద్ర ఎక్కడ కొట్టను, నీ నెత్తినా? చెప్పు, నేనే రాస్తాను. దాచావంటే ఖైదే."

గాస్పార్ ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఇవాళ రీతక్కకి ముందు తడి."

అధికారి రాశాడు. రీతక్క అడ్డొచ్చింది. "నాకు రేపు చాలు. పక్క చేని తాత మిరపనారు వాడిపోతోంది."

"అయితే తాతకి ముందు, దొరగారూ."

కొట్టేసి రాశాడు. ఇంతలో కొండమీద వాన పడింది, కాలవ నిండింది.

"ఇప్పుడు ముందూ వెనకా లేదు. అందరికీ తడే, దొరగారూ."

కొట్టేసి రాశాడు. సాయంత్రానికి గట్టు తెగింది.

"ఇప్పుడు ఎవరికీ తడి లేదు. అందరూ పార పట్టాలి. తమరు కూడా, దొరగారూ."

మోకాలి లోతు బురదలో నిలబడి అధికారి అరిచాడు. "ఎప్పటికీ మారనిదొక్కటి చెప్పవయ్యా, ముద్ర కొట్టి పోతాను!"

గాస్పార్ నుదుటి బురద తుడుచుకున్నాడు. "దప్పిక, దొరగారూ. దాన్ని రద్దు చెయ్యండి, పుణ్యముంటుంది."

అధికారి పార కింద పడేశాడు. "ఇక్కడ రద్దు చెయ్యదగినదేమీ లేదు" అని రాజుకి రాసి, బండెక్కాడు.

ఊరి పాత కాగితాలన్నీ పోయాయి. కాలవ నోటిమాట మిగిలింది. జానెడు నేలైనా లేని గాస్పార్ ముసలివాడై కన్నుమూశాడు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో నీళ్ళు తగ్గిన ఏడు ఎగువ రైతు తన తూము తనే మూసుకుంటాడట. శివారుకి సాగిపోయే నీళ్ళని చూసి, "గాస్పార్ వెళుతున్నాడు, దారివ్వండి" అంటాడట. గట్టుమీద కూర్చున్నవాళ్ళు లేచి టోపీ తీస్తారట.