నాలుగో స్క్రూ

మార్కండేయులు మాస్టారిని ఏదైనా అడిగితే ముందు జవాబు రాదు, పని వస్తుంది. తెనాలిలో ఆయన దగ్గర నాటకం నేర్చుకున్న వాళ్ళందరికీ ఇది అనుభవమే. ఏడుపు ఎలా పలికించాలని అడిగినావిడ ఒక పూటంతా బియ్యంలో రాళ్ళు ఏరింది. రాజు నడక ఎలా ఉండాలని అడిగినతను పెరట్లో తడిబట్టలు ఆరేశాడు. హైమావతికి ఈ సంగతి బాగా తెలుసు. అయినా ఆ ఆదివారం పొద్దున్న గుమ్మంలో చెప్పులు విడుస్తూనే అడిగేసింది.

"మాస్టారూ, నాటకం బాగు కోసం ఒక మనిషిని తీసేస్తే తప్పా?"

ఆమెకు నలభై అయిదేళ్ళు. బడిలో లెక్కలు చెబుతుంది. మాస్టారి మోకాళ్ళు సహకరించడం మానేశాక ఆయన నాటక సమాజాన్ని ఆమే నడుపుతోంది. పరిషత్తు పోటీలు ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి. తండ్రి వేషం కోటిలింగంగారిది. పాతికేళ్ళుగా సమాజంలో ఉన్న నటుడు. ఈమధ్య రిహార్సల్లో ఆయనకు పగ్గమే లేకుండా పోయింది. ఎదుటివాళ్ళ మాట పూర్తి కాకుండా అందుకుంటాడు. మెల్లగా అనవలసింది అరుస్తాడు. ఇదేమిటంటే మీద పడతాడు. నిన్న సాయంత్రం కూతురి వేషం వేసే అమ్మాయి ఏడుస్తూ వెళ్ళిపోయింది. ఆ తండ్రి మాటలన్నీ ఇంకొకతను అప్పటికే కంఠతా పట్టి సిద్ధంగా ఉన్నాడు. మాస్టారు ఊ అంటే చాలు.

ఆయన ఊ అన్నా వినపడేటట్టు లేదు. వంటింట్లోంచి గడగడమని ఒకటే రొద.

మాస్టారి భార్య భ్రమరాంబగారు గోంగూర పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తున్నారు. కిటికీ పైన గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాను రాళ్ళ మీద బండి వెళ్తున్నట్టు మోగుతోంది. ఆవిడ పొయ్యి కట్టేసి బయటికి వచ్చారు.

"వేస్తే చెవులు పోతున్నాయి, ఆపితే గొంతు పోతోంది. ఇవాళ దాన్ని పీకి అవతల పారేస్తారా, నన్ను పారేయమంటారా?"

"హైమా, ఆ స్టూలు ఇలా లాగమ్మా," అన్నారు మాస్టారు.

ఆమెకు ఒళ్ళు మండింది. అయినా గురువు మాట. స్విచ్చి ఆపి, ప్లగ్గు పీకి, కొంగు దోపుకుని స్టూలెక్కింది. నాలుగు మూలలా నాలుగు స్క్రూలు. కోపమంతా వాటి మీద చూపించి చకచకా విప్పింది. ఫ్యాను దింపి చూస్తే రెక్కల నిండా జిడ్డు, వేలు పెడితే వేలంటుకునేంత.

"ఇదే మాస్టారూ! దొరికింది!"

వేడినీళ్ళూ సబ్బు పొడీ పెట్టి రెక్కల్ని తోమితోమి తుడిచింది. ఇరుసులో రెండు చుక్కలు కుట్టుమిషను నూనె వేసింది. అంతా ఆరాక ఎత్తి బిగించి స్విచ్చి వేసింది. గడగడ. ఇంకాస్త ఎక్కువే మోగినట్టనిపించింది.

"మోటారు పోయింది," అంది నిస్పృహగా. "అమ్మగారు చెప్పిందే నిజం. కొత్తది తెప్పించండి."

"తెప్పిద్దాం. ఒకసారి కింద పెట్టి తిప్పి చూడు."

మళ్ళీ విప్పింది. నేల మీద గోనెసంచి మడిచి, ఫ్యానును దాని మీద నిలబెట్టి, చట్రం గట్టిగా పట్టుకుంది. మాస్టారు స్విచ్చి నొక్కారు. రెక్కలు కనిపించనంత వేగంగా తిరిగాయి. గాలికి ఆమె ముంగురులు ఎగిరాయి. రొద లేదు. హైమావతి చెవి దగ్గరగా పెట్టి వింది. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు!

"అమ్మగారూ! రండి, త్వరగా రండి!"

భ్రమరాంబగారు గరిటెతోనే పరుగున వచ్చారు. ముగ్గురూ ఆ తిరిగే ఫ్యాను చుట్టూ చేరి, పసిబిడ్డ నిద్రపోతుంటే చూసినట్టు చూశారు.

"కింద ఉంటే లేదు, పైన ఉంటే ఉంది," అంది హైమావతి. "దీంట్లో లేదు మాస్టారూ! మనం తోమాల్సింది దీన్ని కాదు!"

ఇక ఆమెచేత ఎవరూ చెప్పి చేయించనక్కర్లేకపోయింది. మళ్ళీ స్టూలెక్కి ఫ్యాను బిగించి వేసింది. రొద మొదలైంది. చట్రం మీద ఒక్కొక్క మూలా అరచేయి నొక్కి చూసింది. మొదటి మూల, మార్పు లేదు. రెండోది, అంతే. మూడోదీ అంతే. నాలుగో మూల నొక్కగానే రొద చప్పున ఆగింది! చేయి తీస్తే గడగడ, పెడితే నిశ్శబ్దం. ఆమె చేయి తీస్తూ, పెడుతూ, చిన్నపిల్లలా నవ్వింది. ఫ్యాను ఆపి ఆ మూల విప్పింది. మిగతా మూడు స్క్రూల దగ్గర చట్రానికీ గోడకీ మధ్య నల్లటి రబ్బరు వాషరు ఉంది. ఇక్కడ అది ఎప్పుడో ఎండి రాలిపోయింది. ఇనుము నేరుగా గోడకు కొట్టుకుంటోంది.

పాత సైకిల్ ట్యూబులోంచి రూపాయి బిళ్ళంత ముక్క కత్తిరించి, మధ్యలో బెజ్జం చేసి, స్క్రూకు తొడిగి బిగించింది. స్విచ్చి వేసింది. ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది. భ్రమరాంబగారు మళ్ళీ పొయ్యి వెలిగించి మిరపకాయలు బాణలిలో వేశారు. ఘాటంతా బుద్ధిగా కిటికీ వైపు మళ్ళి బయటికి పోయింది. ఎవరూ దగ్గలేదు.

"తుక్కులోకి పోవాల్సింది!" అంది హైమావతి, దిగకుండా స్టూలు మీదే నిలబడి. అన్న మాట తనకే తగిలి మాస్టారి వైపు తిరిగింది. మాస్టారు ఆమె వైపు చూడలేదు. గోనెసంచి మడిచి మూల పెడుతున్నారు.

ఆ సాయంత్రం ఆమె రిహార్సల్‌కు అరగంట ముందే వెళ్ళింది. కోటిలింగంగారు వస్తే, ఎప్పటిలా ఎదురుగా కుర్చీలో కూర్చుని తప్పులు చదవలేదు. పక్కన కూర్చుని, "బాబాయిగారూ, మీకెక్కడ ఇబ్బందిగా ఉంది?" అని అడిగింది.

పెద్దాయన మొదట ఎగిరాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఆర్నెల్లుగా ఎడమ చెవి పనిచేయడం లేదమ్మా. ఆ పిల్ల అటువైపే నిలబడుతుంది. దాని మాట ఎప్పుడు అయిపోయిందో నాకు తెలియదు. ఆ కంగారులో నా గొంతు ఎంత లేస్తోందో నాకే తెలియదు. చెబితే వేషం తీసేస్తావని..."

ఆ పిల్లను కుడివైపుకు మార్చారు. అంతే చేశారు.

పోటీ రోజున కూతురు తన చివరి మాట అని ఆగింది. కోటిలింగంగారు ఆ నిశ్శబ్దాన్ని పూర్తిగా విన్నాడు. ఆ తర్వాత, మెల్లగానే, అయినా చివరి వరసకు అందేటట్టు, "అన్నం తినివెళ్ళమ్మా," అన్నాడు. హాల్లో ఒక్కరూ కదల్లేదు. తెర వెనక హైమావతి రెండు చేతులతో నోరు నొక్కుకుంది, కేక బయటికి రాకుండా.

మర్నాడు పొద్దున్నే మాస్టారింటికి పరుగున వచ్చి, ఆయాసపడుతూ అంతా చెప్పింది. చెప్పి చెప్పి, చివరికి నవ్వుతూ, "ఇంతకీ నేనడిగినదానికి మీరు జవాబే చెప్పలేదు మాస్టారూ," అంది.

"అడగవలసిన మనిషిని అడిగావుగా," అన్నారాయన. "ఇంక నాతో ఏం పని?"