సూరసాని తాటితోపు

అనగనగా ఒక తాటితోపు. తోపు రాజుగారిదే అయినా, దాని మంచీచెడూ చూసేది సూరసాని అనే పెద్దావిడ. ఆకులు కోసి, పసుపునీళ్లలో ఉడికించి, నీడన ఆరబెట్టి, గవ్వతో నున్నగా రుద్ది ఆస్థాన కవులకు ఇచ్చేది. ఆ రోజుల్లో కథలన్నీ తాటాకుల మీదే కదా రాసేది!

ఒకసారి గుండమరాజుకు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా విన్నా తరగని కథ వినాలనిపించింది. ముగ్గురు కవులు ముందుకొచ్చారు. ఏడాది గడువు.

మొదటి కవి మొదటి ఆకునే నూరుసార్లు రాశాడు. రెండో ఆకు మొహం చూడలేదు. రెండో కవి ఎక్కడికి పోతున్నాడో తెలియకుండానే గంటం పరుగెత్తించాడు. నలభయ్యో ఆకులో చచ్చిన మేనమామ, అరవయ్యో ఆకులో పెళ్లిపెద్దగా దిగాడు! మూడో కవి కథలోని ఊరికి వీధులు గీశాడు, ఏడు తరాల తాతలకు పేర్లు పెట్టాడు. కథ మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

గడువు తీరింది. "ఆకులు మంచివి కావు ప్రభూ! గంటం ఆనడం లేదు" అన్నారు ముగ్గురూ. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే. రాజు విచారించాడా? లేదు. "అయితే ఆ తోపు దేనికి? అమావాస్యకు కొట్టేయండి" అన్నాడు.

సూరసానికి ఒళ్లు మండిపోయింది. తిన్నగా సభలోకి వచ్చింది.

"ఆకుల తప్పా? ఆ ఆకుల మీదే నేను కథ రాస్తాను. అమావాస్య దాకా ఆగండి!"

"సభలో నోరు లేపుతావా? నీ సంగతి చూస్తాం" అన్నారు కవులు.

"తాటాకు చప్పుళ్లకు కుందేళ్లే బెదరవు. తాటాకుల మధ్య పెరిగినదాన్ని, నేను బెదురుతానా?"

రాజు సరేనన్నాడు. సూరసాని ఆ కోపం చల్లారకముందే రాయడానికి కూర్చుంది. ఎవరికి ఏం కావాలి? ఎవరు అడ్డం? చివరికి ఏమవుతుంది? ఈ మూడూ తేల్చుకుని, ముందు ఆఖరి ఆకు రాసి అడుగున పెట్టింది. తర్వాత ఆకుముక్కకో సంఘటన చొప్పున గీకి, నేల మీద పరిచి, వరుస కుదిరేదాకా అటూ ఇటూ జరిపింది. అప్పుడు గంటం పట్టింది. రోజుకు పది ఆకులు. జ్వరం వచ్చిన రోజూ పదే. అంతా అయ్యాక చదువుకుని, కథకు అక్కరలేని నలభై ఆకులు పొయ్యిలో పెట్టింది.

అమావాస్య నాడు తోపు దగ్గర గొడ్డళ్లు పట్టుకుని మనుషులు నిలబడ్డారు. సభలో సూరసాని చదువుతోంది. కథలో ఒక రాజు ఎవరి తప్పుకో చెట్లను కొట్టమన్నాడు. చెట్లే బతుకైన ఒక మనిషి అడ్డం నిలబడింది. గుండమరాజు అన్నం మరిచిపోయి విన్నాడు. కథలో మొదటి చెట్టు మీదికి గొడ్డలి లేచింది.

"ఆగు! ఆ రాజు కొట్టించాడా?" అన్నాడు గుండమరాజు.

"ముగింపు మొదటిరోజే రాశాను ప్రభూ. అడుగున ఉంది, మీరే చదవండి."

రాజు ఆఖరి ఆకు తీశాడు. "అప్పుడు రాజు సిగ్గుపడి గొడ్డలి దించమన్నాడు" అని ఉంది.

"గొడ్డళ్లు దించమనండి" అన్నాడు. "ఈ ముగ్గురూ ఏడాదిపాటు తోపులో ఆకులు రుద్దాలి."

సూరసాని కోపం మాత్రం దిగలేదు. "ముందు చేతులు కడుక్కుని రండి!" అని కవులను కసిరింది.

ముగింపు ఎరిగి మొదలుపెట్టి, రోజూ రాసి, అక్కరలేనిది తీసేసేవారికే కథ దక్కుతుంది. చేతకానివారికి ఎప్పుడూ ఆకుదే తప్పు.